ముసురు పట్టకముందే చూసుకోండి: మీ బ్యాటరీకి, ఇన్వర్టర్‌కి పొత్తు కుదిరిందా?

కరెంటు లైను లేకుండా పూర్తిగా సోలార్ మీదే నడిచే ఇంటికి అసలు పరీక్ష ఎండలు కాసేటప్పుడు రాదు. వరసగా మూడు నాలుగు రోజులు మబ్బు కమ్మేసినప్పుడు వస్తుంది. ఎండ ఉన్నన్నాళ్లూ బ్యాటరీ మధ్యాహ్నానికే నిండిపోతుంది కాబట్టి సెట్టింగుల్లో తప్పులున్నా బయటపడవు. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీసేసి అదే ఇన్వర్టర్‌కి లిథియం బ్యాటరీ తగిలించిన వాళ్లయితే ఇప్పుడే ఒకసారి అన్నీ తరచి చూసుకోవాలి.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. లిథియం పెట్టిన మొదటి ఏడాది, ముసురు మూడో రాత్రి ఇల్లంతా చీకటైపోయింది. మర్నాడు ఎండ వచ్చినా ఇన్వర్టర్ ఆన్ కాలేదు. బ్యాటరీ బాగా దిగిపోవడంతో లోపలున్న బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్) సెల్స్‌ను కాపాడటానికి లైను తెంపేసింది. మా ఇన్వర్టర్ ఆన్ కావాలంటే బ్యాటరీ నుంచి వోల్టేజి రావాలి, బ్యాటరీ లేవాలంటే ఇన్వర్టర్ చార్జింగ్ ఇవ్వాలి. పైన ఎండ మండుతున్నా బయటి నుంచి చార్జర్ తెచ్చి పెట్టేదాకా రెండూ అలాగే ఉండిపోయాయి.

కారణం చిన్నదే. ఇన్వర్టర్‌లో లో కటాఫ్, అంటే బ్యాటరీ ఎంత వోల్టేజికి దిగగానే అది ఆగాలో చెప్పే సెట్టింగు, పాత బ్యాటరీల లెక్కన 42 వోల్టుల దగ్గరే ఉంది. 16 సెల్స్ ఉన్న ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీకి అది సెల్‌కి 2.6 వోల్టులు. చాలా బ్యాటరీల్లో బీఎంఎస్ ఆ దరిదాపుల్లోనే, ఒక్కోసారి అంతకంటే ముందే తెంపేస్తుంది. బీఎంఎస్ ఆఖరి కాపలా మాత్రమే, రోజూ వాడే స్విచ్ కాదు. ఎప్పుడూ ఇన్వర్టరే ముందు ఆగాలి. అందుకే 16 సెల్స్ బ్యాటరీకి కటాఫ్ కనీసం 48 వోల్టులు ఉండాలి. ముసురు రోజుల్లో నేనైతే 50కి పెంచుతాను. ఆగిన తర్వాత కూడా ఇన్వర్టర్ స్టాండ్‌బైలో ఎంతో కొంత లాగుతూనే ఉంటుంది, దానికి కాస్త మిగలాలి కదా.

అట్టపెట్టె మీద ‘48 వోల్టులు’ అని ఉంటే సరిపోయిందనుకోకండి. 15 సెల్స్‌ది నికరంగా 48, 16 సెల్స్‌ది 51.2. రెండింటినీ 48 అనే అమ్ముతారు. సెల్‌కి 3.5 చొప్పున చార్జింగ్ వోల్టేజి 16 సెల్స్‌కి 56, 15 సెల్స్‌కి 52.5. పదిహేను సెల్స్ దానికి 56 ఇస్తే సెల్‌కి 3.7 దాటుతుంది, చార్జింగ్ మధ్యలోనే బీఎంఎస్ తెంపేస్తుంది. ప్యానెళ్లు పూర్తి జోరులో ఉండగా అలా తెగితే ఇన్వర్టర్ వైపు వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి దాని బోర్డే పోవచ్చు. లెడ్ యాసిడ్ కోసం పెట్టిన ఈక్వలైజేషన్‌ను (అప్పుడప్పుడూ ఎక్కువ వోల్టేజితో చార్జ్ చేయడాన్ని), ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజి మార్చే సెట్టింగును కూడా లిథియానికి తప్పకుండా ఆపేయండి.

తర్వాత ఆంపియర్లు. 5 కిలోవాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడులో 48 వోల్టుల దగ్గర వంద ఆంపియర్లు దాటి లాగుతుంది. బీఎంఎస్ పరిమితి వందే అయితే, బ్యాటరీ సగం నిండి ఉన్నా మోటారు వేసిన క్షణాన అంతా ఆగిపోతుంది. స్టార్టింగ్‌లో మోటారు మామూలుకంటే ఎన్నో రెట్లు లాగుతుందిగా. రెండో బ్యాటరీని సమాంతరంగా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలపడం దీనికి మంచి దారి. కలిపే ముందు రెండింటినీ పూర్తిగా చార్జ్ చేసి వోల్టేజి సమానంగా ఉందో లేదో మీటరుతో చూడండి. లిథియాన్నీ లెడ్ యాసిడ్‌నీ మాత్రం ఒకే లైనులో కలపొద్దు.

బ్యాటరీకి, ఇన్వర్టర్‌కి మధ్య డేటా కేబుల్ ఉంటే చూడటానికి ఇంటర్నెట్ కేబుల్‌లానే ఉంటుంది గానీ లోపల పిన్నుల వరస కంపెనీని బట్టి మారుతుంది. రెండు మాన్యువళ్లూ పక్కపక్కన పెట్టుకుని పిన్నులు, ప్రోటోకాల్ (రెండూ మాట్లాడుకునే భాష) సరిచూడండి. ప్రోటోకాల్ కుదరకపోతే వోల్టేజి సెట్టింగులతోనే నిక్షేపంగా నడపవచ్చు. కాకపోతే స్క్రీన్ మీది శాతాన్ని నమ్మకండి. అప్పుడది వోల్టేజిని బట్టి వేసే అంచనా, ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజేమో చాలాసేపు ఒకేలా ఉండి చివర్లో జారిపోతుంది.

వైర్లు ముట్టుకునే పని ఉంటే ముందు ప్యానెళ్లు ఆపి తర్వాత బ్యాటరీ తీయండి. పెట్టేటప్పుడు ముందు బ్యాటరీ. బ్యాటరీ లైనులో డీసీ బ్రేకరో ఫ్యూజో ఉండాలి, ఏసీ బ్రేకర్ డీసీ నిప్పురవ్వను ఆర్పలేదు. చలి ప్రాంతమైతే సున్నా డిగ్రీల కింద లిథియాన్ని చార్జ్ చేయకూడదు.

ఇవన్నీ అయ్యాక, మంచి ఎండ రాబోయే రోజు చూసి తెల్లవారకముందే లోడు పెట్టి బ్యాటరీని కటాఫ్ దాకా దించండి. ఇన్వర్టర్ తనంతట తాను ఆగిందా, బీఎంఎస్ లైటు ఇంకా వెలుగుతోందా, ఎండ రాగానే ఎవరూ ముట్టుకోకుండా చార్జింగ్ మొదలైందా చూడండి. మూడింట్లో ఏ ఒక్కటి కాకపోయినా, మబ్బులు రాకముందే సరిచేసుకోవడానికి మీకింకా సమయం ఉంది.