వయ్యారిభామ పీకే ముందు చర్మం గురించి తెలుసుకోవాల్సినవి

రెండు మంచి వానలు పడితే చాలు, పొలం గట్లు, కాలువ ఒడ్లు, ఖాళీ ప్లాట్లు, బడి ఆవరణలు వయ్యారిభామతో నిండిపోతాయి. కాంగ్రెస్ గడ్డి అన్నా, పిచ్చి మాచిపత్రి అన్నా ఇదే మొక్క. క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉండే ఆకు, కొమ్మల చివర గుత్తులుగా తెల్లటి చిన్న పూలు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1950ల మధ్యలో పుణెలో గుర్తించారు. ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో ఇది కనిపించని ఊరు అరుదు. జూలై, ఆగస్టు నెలల్లో దీన్ని పీకే పని జోరుగా సాగుతుంది. రైతులు పీకుతారు, ఉపాధి హామీ కూలీలు పీకుతారు, మున్సిపాలిటీ కార్మికులు పీకుతారు, శ్రమదానమని బడిపిల్లల చేత కూడా పీకిస్తారు. చాలాచోట్ల వట్టి చేతులతోనే, ముఖానికి ఏ అడ్డమూ లేకుండానే. ఆ పని మొదలయ్యేలోపే ఈ నాలుగు మాటలు మీకు అందాలని రాస్తున్నాను.

"పదేళ్లుగా పీకుతున్నా, నాకేమీ కాలేదు" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఈ జాగ్రత్తలు అందరికంటే వాళ్లకే ఎక్కువ అవసరం.

ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు వస్తుంది?

వయ్యారిభామ ఆకుల మీద, కాడల మీద సన్నటి నూగు ఉంటుంది. అందులో పార్థెనిన్ అనే రసాయనం ఉంది. మొదటిసారి తగిలినప్పుడు సాధారణంగా ఏమీ కాదు. కానీ కొందరి ఒంట్లో రోగనిరోధక కణాలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ గుర్తు పడటానికి కొందరికి వారాలు చాలు, కొందరికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ పైకి ఏ సూచనా ఉండదు. ఒకసారి గుర్తు పడిందంటే, ఆ తర్వాత కాస్త తగిలినా చర్మం ఎర్రబడుతుంది, దురద పెడుతుంది, నీరు కారుతుంది. కణాల ఆ జ్ఞాపకం మామూలుగా జీవితాంతం పోదు. అంటే పదేళ్లు ఏమీ కాలేదన్నది పదకొండో ఏటికి హామీ కాదు. తగిలిన ప్రతిసారీ ఒంటికి ఆ గుర్తు పడే అవకాశం ఇస్తున్నట్టే.

ఇంకో చిక్కు ఉంది. ఈ అలర్జీ తగిలిన వెంటనే రాదు. ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి మూడు రోజులకు బయటపడుతుంది. సోమవారం గట్టు శుభ్రం చేసిన మనిషికి బుధవారం దురద మొదలైతే, మధ్యలో మంగళవారం తిన్న వంకాయ కూర మీదికి నింద పోతుంది. ఇక ఇంట్లో వంకాయ బంద్, గోంగూర బంద్, చేపలు, గుడ్లు బంద్. గట్టు మీద పని మాత్రం ఆగదు. నోరు కట్టుకుని మనిషి నీరసించిపోతాడే గానీ దురద తగ్గదు. ఇలా పత్యాలతో ఏళ్లు గడిపేసే కుటుంబాలను తలుచుకుంటే బాధేస్తుంది. ఇది తిండితో వచ్చే జబ్బు కాదు. చర్మానికి తగిలితే వచ్చేది.

తిండికో మందుకో ఒళ్లు ఎదురుతిరిగితే వచ్చేవి దద్దుర్లు. వాటి తీరు వేరు. తిన్న కొన్ని నిమిషాల్లోనో గంటా రెండు గంటల్లోనో లేస్తాయి, ఒకచోట అణిగి మరోచోట లేస్తాయి, ఏ ఒక్క దద్దురూ మామూలుగా ఒక రోజుకు మించి ఉండదు. వయ్యారిభామ అలర్జీ అలా కాదు, పట్టిన చోటే రోజులూ వారాలూ ఉండి పొట్టు రాలుతుంది.

ముట్టుకోకపోయినా ఇది రావచ్చు. ఎండిన మొక్క పొడి అయి గాలిలో ఎగురుతుంది. ఆ పొడి వాలే చోట్లు, చెమటతో నిలిచే చోట్లు ముందుగా దెబ్బతింటాయి. కనురెప్పలు, మెడ పక్కలు, చెవుల వెనక, గడ్డం కింద, మోచేతి మడతలు, మోకాళ్ల వెనక. చాలామంది దీన్ని ఎండ ఒంటికి సరిపడకపోవడం అనుకుంటారు. తేడా పట్టుకోవడానికి ఒక గుర్తుంది. ఎండ వల్ల వచ్చేదైతే నీడలో ఉండే చోట్లు, అంటే చెవి వెనక, గడ్డం కింద, పై రెప్ప ముడత, సాధారణంగా బాగానే ఉంటాయి. గాలిలోని పొడి ఆ మూలల్లోకి కూడా చేరుతుంది. ఊరు విడిచి వెళ్లినప్పుడు తగ్గి, తిరిగి రాగానే మళ్లీ మొదలైనా, ఏటా ఇదే కాలంలో పెరుగుతున్నా ఈ మొక్కను అనుమానించండి.

నిర్లక్ష్యం చేస్తే చర్మం మందంగా, నల్లగా మారి గీతలు పడుతుంది. కొందరికి ఏళ్లు గడిచేకొద్దీ నిజంగానే ఎండ కూడా ఒంటికి సరిపడకుండా పోతుంది. అప్పుడు పగటిపూట బయటి పనే కష్టమవుతుంది. పొలం పనుల్లో ఉండే మగవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. ఆడవాళ్లకు రాదని కాదు.

పీకే రోజు

పూత రాకముందే పీకాలి. మొలిచిన నెలా నెలన్నరకే పూతకు వస్తుంది, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పూత మీదున్న మొక్కను కదిపితే పుప్పొడి లేచి ముక్కుకూ ఊపిరికీ కూడా ఇబ్బందే. వాన పడిన మర్నాడు పొద్దున్నే మంచి సమయం. నేల మెత్తగా ఉండి వేరుతో సహా వస్తుంది, దుమ్ము లేవదు, ఎండ ముదరకముందే పని అయిపోతుంది.

ఉబ్బసం ఉన్నవాళ్లు, చిన్నప్పటి నుంచి ఎగ్జిమా ఉన్నవాళ్లు, చేతులకు పగుళ్లో పుండ్లో ఉన్నవాళ్లు, ఇంతకుముందు ఈ కాలంలో రెప్పలు వాచి దురద పెట్టినవాళ్లు ఈ పని చేయకూడదు. గ్లౌజులు వేసుకున్నా వద్దు. పిల్లల చేత అసలు వద్దు. బడి ఆవరణ శుభ్రంగా ఉండాలన్న మీ తపన మంచిదే మాస్టారూ, ఆ పనికి మాత్రం పెద్దవాళ్లను పెట్టండి.

మిగతావాళ్లు మణికట్టు దాకా నిండు చేతుల చొక్కా, ప్యాంటు, మెడ కప్పేలా చుట్టిన తువ్వాలు, ముక్కూ నోరూ కప్పే మాస్కు, బూట్లు వేసుకోవాలి. చేతులకు మందపాటి రబ్బరు గ్లౌజులు కావాలి. గుడ్డ గ్లౌజులు రసాన్ని పీల్చుకుని చర్మానికే అంటిపెట్టి ఉంచుతాయి. గ్లౌజు లోపలికి రసం పోతే దాన్ని తీసేసి కడిగి, ఆరాకే మళ్లీ తొడుక్కోండి. కూలీలను పెట్టుకునేవాళ్లు, కాంట్రాక్టర్లు, పంచాయతీలు ఈ సామాను తామే ఇవ్వాలి. ఒకరోజు పనికి పిలిచి, ఏళ్ల తరబడి ఉండే జబ్బును అంటగట్టి పంపడం అన్యాయం.

చేతులు మీరనుకున్న దానికంటే ఎక్కువసార్లు ముఖం మీదికి పోతాయి. చెమట పట్టగానే అదే చేత్తో నుదురు తుడుచుకుంటాం, కన్ను నలుపుకుంటాం, ఫోన్ మోగితే తీసి చెంపకు ఆనించుకుంటాం. అరచేతి చర్మం మందం, అక్కడ ఏమీ కాకపోవచ్చు. రెప్ప చర్మం చాలా పల్చన, అక్కడ కాస్త తగిలినా చాలు. చెమటకు వేరే శుభ్రమైన గుడ్డ జేబులో పెట్టుకోండి. ఫోన్‌ను కవర్‌లో వేసి పక్కన పెట్టండి.

బ్రష్ కట్టర్‌తో కోసేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ మొక్క తుంపులు తుంపులై రసంతో సహా ముఖం మీదికి, మెడ మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, ముఖానికి షీల్డ్ లేకుండా మిషన్ పట్టుకోవద్దు. మనుషులు నడిచే దారిలో, పిల్లలు ఆడే చోట ఆ సమయంలో ఎవరూ లేకుండా చూసుకోండి. ఎప్పుడైనా గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి పని చేయాలి.

పీకిన మొక్కలను మోపు కట్టి నెత్తిన, భుజాన మోయొద్దు. రెండు చేతులతో గుండెకు హత్తుకుని మోయడమూ వద్దు. గోనె పట్టా మీద వేసి లాగండి. పూత రాని మొక్కలైతే గోతిలో వేసి కంపోస్టు చేయొచ్చు. గట్టు మీద కుప్పపోసి ఎండబెడితే ఆ పొడి మళ్లీ మన మీదికే వస్తుంది. ఎండిపోయినా ఈ రసాయనం పోదు. కాల్చేటప్పుడు వచ్చే పొగ, బూడిద దగ్గర నిలబడటం కూడా మంచిది కాదు.

అసలు చేయి పెట్టకుండా వదిలించుకునే దారి కూడా ఉంది. పంట వేయని బీడులో లీటరు నీటికి 150 నుంచి 200 గ్రాముల ఉప్పు కలిపి లేత మొక్కల మీద ఎండగా ఉన్నప్పుడు పిచికారీ చేస్తే మాడిపోతాయి. పంట పొలంలో ఇది చేయకూడదు, నేల పాడవుతుంది. ఆకులన్నీ కొరికేసినట్టుండి, వాటి మీద చారల పెంకు పురుగులు కనిపిస్తే మందు కొట్టకుండా వదిలేయండి. ఈ మొక్క కోసమే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన పురుగులవి. వానాకాలంలో మన పని అవే చేస్తాయి.

ఇంటికి రాగానే గుమ్మం బయటే పై బట్టలు విప్పండి. పిల్లలను ఎత్తుకోవడం స్నానం అయ్యాకే. గోరువెచ్చటి నీళ్లతో, సబ్బుతో చేతులు, ముఖం, మెడ, చెవుల వెనక కడగాలి. గోళ్ల సందులు మరిచిపోవద్దు. తలకు కట్టిన తువ్వాలు సహా ఆ బట్టలన్నీ విడిగా ఉతకాలి. మాసిన తువ్వాలునే మర్నాడు మళ్లీ మెడకు చుట్టుకోవడం వల్ల జబ్బు ముదురుతుంది. స్నానం తర్వాత కాస్త కొబ్బరినూనె రాసుకుంటే మంచిదే. పొడిబారి పగిలిన చర్మంలోకి ఏదైనా తొందరగా దిగుతుంది. అయితే నూనె రాసుకున్నామని గ్లౌజులు మానేయొద్దు.

దురద మొదలైతే

మొదటి పని, మొక్కకు దూరంగా జరగడం. చల్లటి నీటిలో తడిపిన మెత్తటి గుడ్డ వేసుకుంటే మంట తగ్గుతుంది. వేడినీళ్లు, నిమ్మరసం, సున్నం, పసుపు వేపాకు ముద్ద, క్రిమిసంహారక ద్రవాలు వద్దు. అసలే వాచిన చర్మం ఇంకా రేగుతుంది.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి నమ్మకం కుదురుతుంది. ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత వెంట్రుకలు వస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి చాలా క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. ఊళ్లో వేయించుకునే "దురద ఇంజెక్షన్" సంగతీ అంతే. స్టెరాయిడ్ అయితే మర్నాటికే హాయిగా ఉంటుంది, కొన్నాళ్లకు తిరగబెడుతుంది. మళ్లీ మళ్లీ వేయించుకుంటే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు బలహీనపడతాయి. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఏ చోటికి ఎంత ఘాటుది, ఎన్నాళ్లు అన్నది డాక్టర్ చెప్పాలి. దురద మాత్రలు కొంత ఉపశమనం ఇస్తాయి, నిద్ర పట్టిస్తాయి. అలర్జీని ఆపలేవు. అవి వేసుకుని ట్రాక్టర్, బండి నడపొద్దు.

అన్ని దురదలూ వయ్యారిభామవి కావు. మచ్చ ఎక్కడుందో చూస్తే కారణం చాలాసార్లు దొరుకుతుంది. బొడ్డు దగ్గరైతే బెల్టు బకిల్, ప్యాంటు బొత్తాంలోని నికెల్ అనే లోహం. నుదుటి అంచు, చెవుల దగ్గరైతే తలకు వేసే రంగు. పాదం మీద చెప్పు పట్టీల ఆకారంలో ఉంటే రబ్బరు. బొట్టు చోటే అయితే స్టిక్కర్ జిగురు. మేస్త్రీల చేతులకైతే సిమెంటు.

పండగల్లో మరో సంగతి

వయ్యారిభామ పడనివాళ్లకు అదే కుటుంబానికి చెందిన మొక్కలు కూడా పడకపోవచ్చు. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, మాచిపత్రి ఆ కుటుంబానివే. వినాయక చవితి పత్రిలో మొదటిది మాచిపత్రి. తెలియక దాని బదులు వయ్యారిభామనే తుంచుకొచ్చే ప్రమాదమూ ఉంది, రెండూ చూడటానికి దగ్గరగా ఉంటాయి. అలర్జీ ఉన్నవాళ్లు పత్రి కోసే పని, బంతిపూల దండలు గుచ్చే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించాలి. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు, గునుగు ఈ కుటుంబానివి కావు. బంతి, చామంతి దగ్గరే జాగ్రత్త. పొద్దుతిరుగుడు వేసే రైతులకు ఈ సంగతి డాక్టర్లు కూడా ఒక్కోసారి చెప్పరు, మీరే అడగండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంతవరకు రాసిన ట్యూబులు, వేసుకున్న మాత్రల అట్టలు, వేయించుకున్న ఇంజెక్షన్ చీటీలు అన్నీ తీసుకెళ్లండి. అనుమానం ఉన్న మొక్క ఫోటో చూపించండి. అలర్జీ అని చేసే రక్తపరీక్షలు ఈ రకాన్ని పట్టుకోలేవు. దీనికి ప్యాచ్ టెస్ట్ చేయాలి. వీపు మీద చిన్న పట్టీలు అంటించి, 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. అన్నాళ్లు వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. అందుకని నాట్లు, కోతల హడావిడి లేని వారం చూసుకుని వెళ్లండి.

చీము పట్టినా, జ్వరం వచ్చినా, కళ్లు తెరుచుకోనంతగా వాచినా, ఒళ్లంతా ఎర్రబడి చలి పుట్టినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పెదాలు, నాలుక వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం ఒక్క నిమిషం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.