పెండ్లి టెన్షన్ కేసు వచ్చినప్పుడు కౌన్సెలర్ సీనియర్ సలహా ఎలా తీసుకోవాలి?

నల్లగొండలో మాఘం, ఫాల్గుణం, శ్రావణం వచ్చాయంటే మా కౌన్సెలింగ్ గదికి ఒకే తీరు కేసులు వస్తాయి. వరపూజ అయిన పిల్లకు నిద్ర పట్టదు, పిల్లగానికి గుండెదడ, తండ్రికి బీపీ. ఇవి తేలికైన కేసులని చాలాకాలం నేనూ అనుకున్నా.

గుర్తుపట్టకుండా వివరాలు మార్చి ఒకటి చెప్తా. లగ్గం తొమ్మిది రోజులుందనగా ఒకాయన బిడ్డను తీసుకొచ్చాడు. "పిల్ల ఏడుస్తనే ఉంది మేడమ్, జర మీరన్నా చెప్పుండ్రి" అన్నాడు. "కొత్త ఇల్లంటే అందరికీ భయమే ఉంటదిరా, రెండు నెలల్లో అలవాటైతది" అని ధైర్యం చెప్పా. ఆ మాటతో ఆ పిల్ల ఏడుపు ఆపింది. మాట్లాడటమూ ఆపింది. సాయంత్రం మా సీనియర్‌కు ఫోన్ చేస్తే ఆమె అడిగింది ఒక్కటే: "ఆ మాట కౌన్సెలర్‌గా అన్నవా, మేనత్తగా అన్నవా?"

పెండ్లి కేసుల్లో మనకు రెండో మనిషి కావలసింది ఇందుకే. డిప్రెషన్ గురించి చదువుకుని కూర్చుంటాం గానీ, పెండ్లి దగ్గరికొచ్చేసరికి మనమూ ఈ ఊరి ఆడబిడ్డలమో, వదినలమో, కట్నం ఇచ్చినవాళ్లమో అయిపోతాం.

1. ఎప్పుడు అడగాలి?

కేసు చేయి దాటాక కాదు. కొన్ని గుర్తులున్నాయి: సెషన్‌లో మీరే ఎక్కువ మాట్లాడుతున్నారు. క్లయింట్ తల్లి మీద మీకు కోపం వస్తోంది. "ఈ సంబంధం వద్దను" అని చెప్పాలని నోటిదాకా వస్తోంది, లేదా "చేసుకో" అని. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా ఆ ఇంటి ముచ్చటే తిరుగుతోంది. వీటిలో ఒక్కటి కనిపించినా ఆ వారమే అడగండి.

2. ఎవరిని అడగాలి?

ముందు మీకేం కావాలో తేల్చుకోండి. ఒక కేసులో చిక్కుపడి ఒకసారి మాట్లాడటం కన్సల్టేషన్. నెలకు ఇన్నిసార్లని కూర్చుని మీ పనినంతా చూపించడం సూపర్‌విజన్. వృత్తిలో ఎటు పోవాలో, ఏం నేర్చుకోవాలో ఏళ్ల తరబడి చెయ్యిపట్టి నడిపించేది మెంటార్. మూడూ ఒకరే చేయాలని లేదు.

క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ చూడండి. కుటుంబాలతో పనిచేసిన అనుభవం ఉందో లేదో సూటిగా అడగండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. అక్కడి సైకియాట్రీ విభాగాన్ని అడిగితే దారి దొరకొచ్చు.

ఇంకో మాట. మీ ఊరి సీనియర్ కన్నా ఇంకో జిల్లా సీనియర్ మేలు. మా దగ్గర ఊరు, ఇంటిపేరు చెప్తే ఆ మనిషెవరో వాళ్లే చెప్పేస్తారు. నల్లగొండ వాళ్లు మహబూబ్‌నగర్‌లో, అక్కడివాళ్లు ఇక్కడ చూసుకుని వీడియో కాల్‌లో మాట్లాడితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. మరీ దూరపు నగరంలోని వాళ్లయితే ఇంకో చిక్కు: మాటముచ్చట అంటే ఏమిటో, ఎదురుకోలు దగ్గర ఎందుకు అలకలొస్తాయో, ఆడపిల్ల పెండ్లికి ప్రభుత్వమిచ్చే కల్యాణలక్ష్మి పథకం కింద వచ్చే 1,00,116 రూపాయలను లెక్కలో పెట్టుకుని ఇల్లు ఎలా అప్పు చేస్తుందో చెప్పడానికే సగం గంట పోతుంది.

3. పేరు మార్చితే సరిపోదు

మొదటి సెషన్‌లోనే క్లయింట్‌కు చెప్పండి: "అవసరమైతే మీ పేరు లేకుండా నా సీనియర్‌తో చర్చిస్తా, సరేనా?" ఒప్పుకుంటే రాసి పెట్టుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా వివరాలు గోప్యంగా ఉంచాలనే చెప్తుంది.

అయితే "దేవరకొండలో ఎరువుల దుకాణం, పెద్దబిడ్డ, వచ్చే గురువారం ఫలానా ఫంక్షన్ హాల్‌లో లగ్గం" అన్నారంటే పేరు చెప్పినట్టే. ఊరు, వ్యాపారం, ముహూర్తం, హాలు నాలుగూ తీసేయండి. ఎన్ని రోజులుందో చెప్తే చాలు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టడం నాకు నచ్చదు. అది ఎవరి ఫోన్‌లో ఎవరు వింటారో తెలియదు.

4. ఒక్క పేజీ రాసుకోండి

ఆ రోజు నేను రాసుకున్నది దాదాపు ఇలా ఉంది:

"ఇరవైల్లో యువతి, డిగ్రీ. పెండ్లికి 9 రోజులు. వారంగా తిండి తగ్గింది, రాత్రి మూడింటికి లేస్తోంది. తండ్రి తీసుకొచ్చాడు, ఫీజు ఆయనే కట్టాడు. ఒంటరిగా మాట్లాడింది 12 నిమిషాలు. నేను చేసింది: ధైర్యం చెప్పా. నా ప్రశ్న: ఈమె నాతో మాట్లాడటం ఎందుకు ఆపింది?"

చివరి వాక్యం లేకపోతే మిగతాదంతా ముచ్చటే అవుతుంది. ఎన్ని రోజులుందన్నదీ తప్పక రాయాలి. మూడు నెలలుంటే సంబంధం గురించే నిదానంగా ఆలోచించనివ్వొచ్చు. తొమ్మిది రోజులే ఉంటే ముందు నిద్ర, తిండి, ఆమె నోరు విప్పేందుకు ఒక చోటు. ఫీజు ఎవరు కట్టారో కూడా రాయండి. డబ్బు కట్టినవాళ్ల మాట మన చెవిలో తెలియకుండానే కాస్త గట్టిగా వినపడుతుంది.

5. సీనియర్ ముందు కేసు కన్నా మీ గురించి చెప్పండి

ఇదే కష్టం. సీనియర్ అడిగాక చూసుకుంటే, నా పెండ్లికి ముందు మా మేనత్త నాతో అన్న మాటనే ఆ పిల్లతో అన్నానని తెలిసింది. తర్వాతి సెషన్‌లో తండ్రిని బయట కూర్చోబెట్టి, ధైర్యం చెప్పకుండా, "దేని గురించి భయం?" అని మాత్రం అడిగా. చాలాసేపటికి, "పెండ్లి గురించి కాదు మేడమ్. నాయిన రెండెకరాలు అమ్మిండు. పుస్తెలు కట్టించుకునే మెడకు అవే గుర్తొస్తున్నయి" అంది. నేను అత్తగారింటి భయం అనుకుని మాట్లాడుతున్నా, ఆమె నాయిన భూమి గురించి ఏడుస్తోంది.

డబ్బు మాట వస్తే ఒక హద్దుంది. "మీరు మాట్లాడి రెండు లక్షలు తగ్గించుండ్రి" అని అడిగేవాళ్లున్నారు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరం. ఆ బేరంలో మధ్యవర్తిగా కూర్చోకూడదు. ఆ ఇంట్లో ఎలా 'కాదు' చెప్పాలో సీనియర్‌తో ముందే పలికి చూసుకోండి.

6. సలహా కోసం ఆగకూడనివి

చచ్చిపోతానన్నా, ఇంట్లో బంధించారన్నా, కొడుతున్నారన్నా అపాయింట్‌మెంట్ చూసుకోవద్దు. మానసిక సాయానికి టెలీ మానస్ 14416, మహిళలకు 181, పోలీసుకు 112. పిల్లకు 18 నిండకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. కులం దాటిన సంబంధమైతే ప్రాణభయం ఉందేమో తప్పక అడగండి. మిర్యాలగూడలో 2018లో కులం దాటి పెండ్లి చేసుకున్న ప్రణయ్‌ను ఎలా చంపారో మనకు తెలుసు. ముందు భద్రత చూసి, సీనియర్‌కు తర్వాత చెప్పండి.

7. పెండ్లి పత్రిక తెస్తే?

బొట్టుపెట్టి, పత్రిక చేతిలో పెట్టి, "మీరు తప్పక రావాలె" అంటారు. పోతే మండపంలో పక్క కుర్చీ ఆమె "వీళ్లు మీకెట్ల తెలుసు?" అంటుంది. పోకపోతే చిన్నబుచ్చుకుంటారు. దీన్నీ సీనియర్ ముందు పెట్టండి, చిన్న విషయం కాదు. నేను పోలేదు. ఎందుకు రాలేనో ఆ పిల్లకే ముందు చెప్పా.

సీనియర్‌తో ఏం అనుకున్నారో, తర్వాత ఏం చేశారో, ఏం జరిగిందో రెండు వాక్యాలు రాసి మళ్లీ సీనియర్‌కు చూపించాలి. మా దగ్గర ఆషాఢంలో లగ్గాలుండవు కాబట్టి నలుగురం కౌన్సెలర్లం అప్పుడు కూర్చుని ఏడాది పేజీలన్నీ తిరగేస్తాం. ఆ పిల్ల పదహారు రోజుల పండుగకు పుట్టింటికొచ్చినప్పుడు ఒక సెషన్‌కు వచ్చింది. ఈసారి ఫీజు ఆమే కట్టింది. తండ్రి బయట బెంచీ మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు.