దసరాకు ఫోన్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇవి చూడండి

బతుకమ్మ, దసరా దగ్గరికొచ్చాయి. హనుమకొండ చౌరస్తాలో ఫోన్ షాపులకు ఇక తీరిక ఉండదు. ఆ హడావుడిలో తొందరపడకండి.

– పాత ఫోనైతే అన్నిటికన్నా ముందు ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు చూడండి. *#06# కొడితే 15 అంకెల నంబరు వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కెవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపండి. బ్లాక్ అయిందనో, డూప్లికేట్ అనో వస్తే ఎంత చవకైనా వదిలేయండి. బ్లాక్ చేసిన ఫోన్‌లో ఏ సిమ్ వేసినా పనిచేయదు, పైగా పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. బిల్లు మీద అదే నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి.

– రేడియేషన్ విలువ, అంటే ఫోన్ నుంచి మన ఒంట్లోకి వచ్చే రేడియో తరంగాల శక్తి ఎంతో చెప్పే అంకె. చాలా ఫోన్లలో *#07# కొడితే కనిపిస్తుంది. మన దేశంలో పరిమితి శరీర కణజాలం కిలోకు 1.6 వాట్లు. సిగ్నల్ తక్కువున్న ఊళ్లలో ఫోన్ ఎక్కువ శక్తితో పనిచేస్తుంది, అక్కడ ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడడం మేలు.

– ఇంట్లో పేస్‌మేకర్ (గుండె కొట్టుకోవడాన్ని సరిచేసే పరికరం) ఉన్నవారుంటే ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. పేస్‌మేకర్‌కు ఫోన్ కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి.

– ఛార్జర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు చూడండి. లేకపోతే వద్దు.

– చూపు తగ్గిన అమ్మమ్మ కోసమైతే తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌ను షాపులోనే ఆన్ చేసి తెలుగులో వినండి. వినికిడి మిషన్ పెట్టుకునే తాతయ్యనైతే వెంట తీసుకెళ్లి ఒక కాల్ మాట్లాడించండి. కొన్ని ఫోన్లతో మిషన్‌లో గుయ్‌మని శబ్దం వస్తుంది, అది ఆయనకే తెలుస్తుంది.