గేట్‌వే స్విచ్‌లో పోర్ట్ మ్యాపింగ్: హోస్ట్‌లను స్టోరేజ్ నెట్‌వర్క్‌కి కలపడం ఎలా?

బ్లేడ్ ఛాసిస్‌లోని (పలు సర్వర్లు పట్టే పెట్టెలోని) ఫైబర్ ఛానల్ స్విచ్‌ని, అంటే సర్వర్లను స్టోరేజ్‌కి కలిపే స్విచ్‌ని, యాక్సెస్ గేట్‌వే మోడ్‌లో పెడితే అది ఫాబ్రిక్‌లో (స్టోరేజ్ స్విచ్‌ల అల్లికలో) సొంత డొమైన్ ఐడీ (స్విచ్ గుర్తింపు నంబర్) తీసుకోదు. సర్వర్ల (హోస్ట్‌ల) లాగిన్‌లను పై స్విచ్‌కి, అంటే ఫాబ్రిక్‌లోని స్విచ్‌కి, చేరవేస్తుంది, అంతే. సర్వర్ తగిలేది ఎఫ్-పోర్ట్, పై స్విచ్‌కి వెళ్లేది ఎన్-పోర్ట్. ఏ ఎఫ్-పోర్ట్ ఏ ఎన్-పోర్ట్ గుండా పోవాలో చెప్పడమే మ్యాపింగ్.

ముందు పై స్విచ్ పోర్ట్‌లో ఎన్‌పీఐవీ (ఒకే పోర్ట్ మీద పలు లాగిన్‌లను ఒప్పుకునే సదుపాయం) ఆన్ చేయండి. అది లేకుండా ఒకే పోర్ట్ మీద ఇన్ని హోస్ట్‌లు లాగిన్ కాలేవు. కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకుని మోడ్ మార్చండి. స్విచ్ రీబూట్ అవుతుంది, అందులో ఉన్న జోనింగ్ (ఏ సర్వర్‌కి ఏ స్టోరేజ్ కనిపించాలో చెప్పే నియమాలు) చెరిగిపోతుంది. కేబుళ్లు బిగించండి.

ఇక మ్యాపింగ్. పని చెడేది ఇక్కడే. స్విచ్ తనంతట తాను వేసే డిఫాల్ట్ మ్యాపింగ్‌ని అలాగే వదిలేయకూడదు. అది పోర్ట్ నంబర్ల వరస చూస్తుంది తప్ప ఏ సర్వర్ మీద ఎంత లోడ్ ఉందో దానికి తెలియదు. పక్కపక్క స్లాట్లలోని రెండు క్లస్టర్ నోడ్‌లు (ఒకదానికొకటి అండగా నడిచే సర్వర్లు) ఒకే ఎన్-పోర్ట్ మీద పడితే ఆ ఒక్క కేబుల్ ఊడినప్పుడు రెండూ కలిసి కుదుపుకి లోనవుతాయి. కాగితం మీద పట్టిక రాసుకుని, నోడ్‌లను విడదీసి, బ్యాకప్ సర్వర్‌కి వేరే ఎన్-పోర్ట్ ఇచ్చి, అప్పుడు కమాండ్ కొట్టండి.

ఒక ఎఫ్-పోర్ట్ ఒకసారికి ఒక్క ఎన్-పోర్ట్‌కే మ్యాప్ అవుతుంది. కాబట్టి మార్చాలంటే పాత మ్యాపింగ్ తీసేసి కొత్తది వేయాలి. ఆ క్షణంలో హోస్ట్ లాగిన్ తెగిపోతుంది. రెండో హెచ్‌బీఏ (సర్వర్‌లోని స్టోరేజ్ కార్డు) పాత్ బతికే ఉందని మల్టీపాత్‌లో (స్టోరేజ్‌కి ఉన్న దారులన్నీ చూసుకునే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో) కళ్లతో చూడకుండా ఈ పని ముట్టుకోవద్దు. "ఉండే ఉంటుందిలే" అనుకుని నడుస్తున్న డేటాబేస్‌ని పడగొట్టినవాళ్లను చూశాను.

ఒక గేట్‌వే నుంచి ఒక ఫాబ్రిక్‌కే కేబుళ్లు వెళ్లాలి. ఎన్-పోర్ట్‌లు రెండు ఫాబ్రిక్‌లకి పోతుంటే, ఏ ఫాబ్రిక్ పోర్ట్‌లు ఆ ఫాబ్రిక్‌కే ఉండేలా పోర్ట్ గ్రూపులు విడగొట్టనప్పుడు ఫెయిలోవర్ (లింక్ పడితే హోస్ట్‌ని వేరే ఎన్-పోర్ట్‌కి మార్చడం) హోస్ట్‌ని పరాయి ఫాబ్రిక్‌లోకి తోస్తుంది. అక్కడ దాని జోన్ ఉండదు, డిస్క్‌లు కనిపించవు. గ్రూపులతో సర్దుకోవచ్చంటారు. రాత్రి రెండింటికి కేబుల్ మార్చే మనిషికి ఆ గ్రూపులు గుర్తుండవు. ఫెయిలోవర్ ఆన్‌లో ఉంచి, ఫెయిల్‌బ్యాక్ (లింక్ లేచాక హోస్ట్‌ని తిరిగి పాత ఎన్-పోర్ట్‌కి తేవడం) ఆఫ్ చేయండి. లింక్ పడుతూ లేస్తూ ఉంటే హోస్ట్‌లు అటూ ఇటూ ఊగిసలాడకూడదు.

జోనింగ్ పై ఫాబ్రిక్‌లో, డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌తోనే (హెచ్‌బీఏ పోర్ట్‌కి ఉండే ప్రత్యేక పేరుతోనే) చేయండి. పోర్ట్ నంబర్‌తో చేస్తే ఆ ఎన్-పోర్ట్ వెనకున్న ప్రతి సర్వర్‌కీ ఆ స్టోరేజ్ తెరుచుకుంటుంది. నోడ్ పేరు (మొత్తం కార్డుకి ఉండేది) కాదు, పోర్ట్ పేరు కాపీ చేయండి. రెండూ 16 హెక్స్ అంకెలే, చూడటానికి కవలల్లా ఉంటాయి.

చివరగా పై స్విచ్‌లో నేమ్ సర్వర్ (లాగిన్ అయిన హోస్ట్‌ల జాబితా) తెరవండి. ఒకే ఎన్-పోర్ట్ మీది హోస్ట్‌ల అడ్రస్‌లలో చివరి రెండంకెలే మారుతూ కనిపిస్తాయి. తర్వాత డేటా నడుస్తుండగానే ఒక ఎన్-పోర్ట్ కేబుల్ పీకి, దాని హోస్ట్‌లు మిగతా ఎన్-పోర్ట్‌ల మీదికి చేరాయో లేదో చూడండి. అది అయ్యాకే సర్వర్లను అప్పగించండి.