ఎండ్రకాయ ఎర దగ్గరికి రావడం లేదా? కర్నూలు కాలువల్లో కొత్తగా పట్టేవాళ్ళకు సమస్య - పరిష్కారం

తొలకరి పడి, కేసీ (కర్నూలు-కడప) కాలువకు నీళ్ళు వదిలి, వరి మళ్ళు తడిసాయంటే మా కర్నూలు వైపు సాయంత్రాలు కట్టె, ఎర కట్టే దారం (గాలం ఉండదు), బకెట్ పట్టుకుని పిల్ల కాలువల వెంట తిరిగేవాళ్ళు కనిపిస్తారు. ఎండ్రకాయల కోసం. కోస్తాలో పీత అంటారు, మనకు ఎండ్రకాయే. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఏం ఎర పెట్టాలన్నా?" అని. పెట్టిన ఎరను ఎక్కడ పెట్టారు, ఎట్లా కట్టారు అని నేను తిరిగి అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఎండ్రకాయ రాత్రి తిరిగే జీవి, ఎరను కళ్ళతో వెతుక్కుంటూ రాదు, కళ్ళ మధ్య ఉండే చిన్న మీసాలతో నీళ్ళలో వాసన పట్టి వస్తుంది. అందుకే కింద రాసిన సమస్యల్లో చాలావాటికి మూలం ఒకటే, ఎర వాసన ఎటు పోతోంది, ఎంతసేపు నిలుస్తోంది అని.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఫోన్లో చూసే వీడియోలు దాదాపు అన్నీ సముద్రపు పీతలవి. ఆటుపోట్లు చూసుకుని, పడవ మీద నుంచి పెద్ద బోను దించి, కిలో బరువున్న పీత తీస్తారు. మన పొలాల్లో ఉండేది మంచినీటి ఎండ్రకాయ, పెద్దదైనా అరచేతిలో పట్టేంతే, గట్లలో బొరియ చేసుకుని ఉంటుంది, మూడు అడుగుల లోతు నీళ్ళు కూడా దానికి అక్కర్లేదు. ఆ సామాన్లు కొని డబ్బులు పోగొట్టుకోవద్దు.

గంట కూర్చున్నా ఒక్కటీ రాలేదు

మొదట టైమ్ చూసుకోండి. మధ్యాహ్నం రెండు గంటలకు మన ఎండలో అది బొరియలో లోపలికి పోయి ఉంటుంది. పొద్దు గుంకే ముందు మొదలుపెట్టి చీకటి పడ్డాక ఒక గంట, గంటన్నర దాకా ఉంటే మంచి సమయం. వేసవిలో అయితే అసలు ఆశ పెట్టుకోవద్దు, నీళ్ళు ఎండిపోతే తేమ ఉన్న లోతుకు తవ్వుకుని అక్కడే ఉండిపోతుంది, వానలు పడితేగానీ బయటికి రాదు.

టైమ్ సరిగ్గానే ఉందంటే, తప్పు చోటులో ఉంది. పారే నీళ్ళలో వాసన కిందికి పోతుంది, ఎండ్రకాయ ఆ వాసన పట్టుకుని ఎదురు ఎక్కి వస్తుంది. అంటే రాళ్ళు, వేర్లు, గడ్డి, బొరియలు ఉన్న చోటుకు ఎగువన నాలుగైదు అడుగుల దూరంలో ఎర పడాలి. చాలామంది బొరియలు కనబడగానే వాటికి దిగువన నిలబడి దారం వేస్తారు, వాసన అంతా వాళ్ళ వెనక్కి పోతుంది, ముందున్న ఎండ్రకాయకు ఏమీ తెలియదు. ఒక చిన్న ఆకు నీళ్ళలో వేసి చూడండి, అది ఎటు పోతే వాసనా అటే.

నీళ్ళు కదలని మడిలోనో కుంటలోనో అయితే వాసన పాకదు. అక్కడ ఒకే చోట గంట కూర్చోవడం దండగ. పావుగంట చూసి, ఏమీ లేకపోతే పది అడుగులు జరగండి. బొరియ దగ్గర తాజా బురద ముద్దలు ఉన్నాయా అని చూడండి, తడి మట్టి కొత్తగా తోసి ఉంటే లోపల ఉన్నట్టే, బొరియ మూతి ఎండి సాలెగూడు పట్టి ఉంటే వదిలేయండి.

ఎర్రటి వరద నీళ్ళు వచ్చిన రోజు కూడా పోవద్దు. ఆ ఉరవడిలో ఎర ఆగదు, ఎండ్రకాయ కూడా ఏదో ఒకటి పట్టుకుని కదలకుండా ఉంటుంది. రెండు మూడు రోజులు ఆగితే నీళ్ళు కాస్త తేరుకుంటాయి, అప్పుడు పొండి.

ఎర పోతోంది, ఎండ్రకాయ మాత్రం లేదు

దారం తీసి చూస్తే ఖాళీ. చిన్న చేపలు పొడుచుకు తినేసి ఉంటాయి, లేదా ఎర మెత్తనిది అయి ఉంటుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా కోడి పేగులు తెస్తారు, చికెన్ కొట్టు దగ్గర ఊరికే దొరుకుతాయి కాబట్టి. వాసన బాగుంటుంది, కాదనను, కానీ దారానికి కడితే పది నిమిషాల్లో చిరిగిపోతాయి.

దీనికి మన ఊరిలోనే మంచి మందు ఉంది, ఉల్లిగడ్డల వల సంచి. కర్నూలు మార్కెట్‌కు ఇన్ని ఉల్లిగడ్డలు వస్తాయి, ప్రతి ఇంట్లో ఆ ఎర్ర సంచి ఒకటైనా పడి ఉంటుంది. దాన్ని అరచేయంత ముక్క కత్తిరించి, పేగులు, ఒక గులకరాయి కలిపి మూట కట్టండి. రాయి బరువుకు మూట అడుగుకు పోతుంది, వల సందుల్లోంచి వాసన వస్తుంది, ఎండ్రకాయ డెక్కలు (ముందరి కొండీలు) ఆ వలలో చిక్కుకుని తొందరగా వదలవు కూడా. పని అయ్యాక ఆ మూటను కాలువలో వదిలేయకండి, అది ప్లాస్టిక్, ఏళ్ళ తరబడి అక్కడే ఉండి చేపలకూ పాములకూ ఉరి అవుతుంది.

మూట కట్టే ఓపిక లేకపోతే కోడి మెడ కట్టండి. నా లెక్కలో కొత్తవాళ్ళకు దాన్ని మించిన ఎర లేదు, ఎముక ఉంటుంది, నరాలు ఉంటాయి, రెండు గంటలు నీళ్ళలో ఉన్నా విడిపోదు. కోడి కాళ్ళు గట్టిగా ఉంటాయి కానీ వాసన తక్కువ, చర్మం కోసి పెట్టాలి. చేప తల చాలా మంచిది, బొచ్చె తల అయినా సరే, సంతలో ఐసులో పెట్టి అమ్మే కవ్వలు, కానాగంతల లాంటి సముద్రపు చేప అయితే నూనె ఎక్కువ కాబట్టి వాసన ఇంకా దూరం పోతుంది. ఎండు చేప వాడేవాళ్ళు అరగంట నానబెట్టి ఉప్పు పోయేలా కడగండి. వానపాములు గాలానికి బాగుంటాయి, దీనికి చాలవు. ఏమీ దొరకలేదా, మడిలో నత్తలు ఉంటాయి, రెండు మూడు పగలగొట్టి మూట కట్టండి, అది రోజూ తినే తిండే కదా.

ఎర ఉంది, ముట్టుకోలేదు

కుళ్ళిన ఎర పెట్టి ఉంటారు. ఎంత కంపు కొడితే అంత మంచిదని ఒక నమ్మకం ఉంది. ఎండ్రకాయ చచ్చినవాటిని తింటుంది, నిజమే, అయినా పురుగు పట్టి రంగు మారిన మాంసం కంటే అదే రోజు కోసినదానికే తొందరగా వస్తుంది, నేను పక్కపక్కన రెండు దారాలు వేసి చాలాసార్లు చూశాను. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ముక్క అయితే పూర్తిగా కరిగాక వేయండి, గడ్డగా ఉంటే వాసన రాదు. అరగంటకొకసారి ఎరను కత్తితో ఒక గాటు పెట్టండి, పైన తెల్లబారిన పొర కింద నుంచి మళ్ళీ వాసన మొదలవుతుంది. చేతులకు దోమల క్రీమ్ రాసుకుని అవే చేతులతో ఎర కట్టడం కూడా మంచిది కాదు, ముందు ఎరలు కట్టుకుని తర్వాత రాసుకోండి.

పట్టుకుంది, పైకి తీసేసరికి జారిపోయింది

అందరికీ జరిగేదే. దారం బిగిసి పక్కకు కదులుతుంటే ఆత్రంగా లాగేస్తారు. గాలం లేదు కదా, అది తనంతట తాను పట్టుకుంటేనే వస్తుంది, గాలి తగలగానే వదిలేస్తుంది. దారం బిగిశాక కాసేపు తిననివ్వండి, మనసులో ఇరవై లెక్కపెట్టుకోండి. తర్వాత అడుగు వెంబడే, నీళ్ళు కదలనంత నెమ్మదిగా గట్టు వైపు తీసుకురండి. నీళ్ళ పైకి రాకముందే చిన్న చేతి వలను దాని వెనక నుంచి కిందికి పోనివ్వాలి, ఎందుకంటే భయపడితే అది వెనక్కీ పక్కకీ పారిపోతుంది, ముందుకు రాదు. లైటు నేరుగా దాని మీద కొట్టకండి.

ఒక్కరే ఉంటే దారం, వల రెండూ పట్టుకోవడం కష్టం. పాత సైకిల్ రిమ్ముకు వల బిగించి, మూడు చోట్ల తాడు కట్టి, మధ్యలో ఎర కట్టి అడుగున పెట్టేయండి. పది పదిహేను నిమిషాలకు ఒకసారి తీయాలి. దీన్ని మాత్రం నెమ్మదిగా తీయకూడదు, ఒకే ఊపున నిటారుగా లేపాలి, రిమ్ము ఒక పక్కకు వాలిందంటే అన్నీ జారిపోతాయి.

బొరియలో కనబడుతోంది, చెయ్యి పెట్టి తీద్దామా

వద్దు. దయచేసి వద్దు. పాత ఎండ్రకాయ బొరియల్లో పాములు ఉంటాయి. మూతి దగ్గర ఎర ఊపండి, ఆకలి ఉంటే అదే వస్తుంది. గట్టు తవ్వడం కూడా తప్పు, ఒక రైతు నీళ్ళు కట్టుకున్న మడి మీ ఒక్క ఎండ్రకాయ కోసం ఖాళీ అయిపోతుంది. ముందు ఆయన్ను అడగండి, "అన్నా, గట్టు ముట్టుకోము, ఎరతోనే పట్టుకుంటాం" అంటే ఎవరూ కాదనరు, ఎండ్రకాయలు చేసే బొక్కల్లోంచి నీళ్ళు పోతాయని, నారు కొరుకుతాయని వాళ్ళకూ బాధ ఉంది. ఆయన్నే ఇంకో మాట అడగాలి, పురుగుల మందు ఎప్పుడు కొట్టారు అని. ఈమధ్యే కొట్టి ఉంటే ఆ మడిని వదిలేయండి. హంద్రీ నదిలో ఊరి మురుగు కలిసే చోట పట్టినవి కూడా తినొద్దు.

కేసీ మెయిన్ కాలువ ఒడ్డున కొత్తవాళ్ళు, పిల్లలు అసలు కూర్చోవద్దు. సిమెంటు వాలు మీద పాచి ఉంటుంది, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, లోపల ఉరవడి పైకి కనబడదు. తుంగభద్ర, కృష్ణ నదుల్లో మొసళ్ళు ఉన్నాయి, చీకట్లో నది అంచున నిలబడే సాహసం వద్దు. మోకాలి లోతు పిల్ల కాలువ, తోడు ఒకరు, బూట్లు, మంచి లైటు, ఇవి ఉంటే చాలు.

డెక్కతో పట్టేసింది

విదిలించకండి, లాగకండి. లాగితే డెక్క విరిగి దానికి పోతుంది, మీకు చర్మం పోతుంది. చేతిని అట్లాగే నీళ్ళలో ముంచి కదలకుండా ఉండండి, వదిలేస్తుంది. ఈసారి పట్టుకునేటప్పుడు వెనక నుంచి, వీపు మీద బొటనవేలు, పొట్ట కింద చూపుడువేలు పెట్టి పట్టండి, డెక్కలు అక్కడికి అందవు.

ఇంటికి వచ్చేసరికి బకెట్లో సగం చచ్చాయి

బకెట్ నిండా నీళ్ళు పోసి మూత పెట్టి ఉంటారు. అన్ని ఎండ్రకాయలకు ఆ నిలవ నీళ్ళలో గాలి చాలదు. మొప్పలు తడిగా ఉంటే అది బయట కూడా ఊపిరి పీల్చుకుంటుంది, కాబట్టి నీళ్ళు తీసేసి తడి గోనెసంచి కప్పి నీడలో పెట్టండి. చచ్చిపోయినదాన్ని కూరలో వేయకండి, ఎప్పుడు చచ్చిందో తెలియదు, తొందరగా పాడవుతుంది.

బకెట్లో వేసేముందే ఒకసారి తిప్పి చూడండి. పొట్ట కింద మడత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఆ మడత కింద గుడ్లో, చీమల్లాంటి పిల్లలో ఉంటే అక్కడే వదిలేయండి. మంచినీటి ఎండ్రకాయకు గుడ్డులోంచి నేరుగా బుల్లి ఎండ్రకాయే వస్తుంది, తల్లి కొన్నాళ్ళు వాటిని పొట్ట కిందే మోస్తుంది, ఒక తల్లిని తీసుకుంటే ఆ గట్టు మీద వచ్చే ఏడాది పిల్లలన్నీ పోయినట్టే. తాబేలు పడితే అదీ వెంటనే నీళ్ళలోకి, చట్టం కూడా ఒప్పుకోదు.

పైకి పెద్దది, లోపల కండ లేదు

ఈమధ్యే పెంకు మార్చుకుని ఉంటుంది. కొత్త పెంకు పెద్దదిగా వస్తుంది, లోపల కండ నిండడానికి టైమ్ పడుతుంది. చేతిలో పట్టుకుంటే తేలిగ్గా, పొట్ట వైపు నొక్కితే మెత్తగా తెలుస్తుంది. వదిలేయండి, కొన్ని వారాలకు అదే బరువెక్కుతుంది.

కూర మట్టి వాసన వస్తోంది

మూడు నాలుగు గంటలు లోతు తక్కువ మంచినీళ్ళలో, రెండు మూడుసార్లు నీళ్ళు మారుస్తూ ఉంచండి. తర్వాత పై పెంకు తీసి, దూదిలాంటి మొప్పలు, పేగు తీసేసి, కాళ్ళ సందులు పాత బ్రష్‌తో రుద్దండి. ఎండ్రకాయలు శుభ్రం చేసిన చేతులు, కత్తి, పీట సబ్బుతో కడగాలి, ఇది శుభ్రం కోసం మాత్రమే చెప్పడం లేదు. మంచినీటి ఎండ్రకాయల్లో పారాగోనిమస్ అనే పరాన్నజీవి ఉండే అవకాశం ఉంది, పచ్చిగానో సగం ఉడికో తింటే అది మనిషి ఊపిరితిత్తుల్లో చేరి, టీబీలాగా రక్తం పడే దగ్గు తెస్తుంది. జలుబుకు ఎండ్రకాయ రసం మంచిదని మన ఇళ్ళల్లో అవ్వలు కాచి ఇస్తారు, బాగా మరిగించి ఇస్తే ఇబ్బంది లేదు, పచ్చిది దంచి పిండి మాత్రం ఎవరికీ, ముఖ్యంగా పిల్లలకు, పోయొద్దు.

రంగు ఎర్రబడగానే ఉడికిందని దించేస్తారు చాలామంది. వేడి తగిలితే పెంకులో దాగిన ఎరుపు బయటపడుతుంది అంతే, లోపల కండ ఇంకా పచ్చిగానే ఉండొచ్చు. చింతపండు పులుసు పోశాక మూత పెట్టి ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు తెర్లనివ్వండి, డెక్క విరిస్తే కండ తెల్లగా విడిపోయి రావాలి. అప్పుడు జొన్న రొట్టెలు కాల్చడం మొదలుపెట్టండి, అవి అయ్యేలోపు పులుసు కాస్త చల్లారి ఇంకా బాగుంటుంది.