గోనాడ్స్ తీయించకముందే రక్తం ఇవ్వాలి

పదహారేళ్లొచ్చినా అమ్మాయి పెద్దమనిషి కాలేదు. రొమ్ములు బాగానే పెరిగాయి గానీ చంకల్లో వెంట్రుకలు దాదాపు లేవు, స్కానింగ్‌లో గర్భసంచి కనబడలేదు. ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ (పుట్టుకతోనే శరీరం మగ హార్మోన్లకు స్పందించని స్థితి; లోపల ఉండేవి వృషణాలు, వాటినే ఇక్కడ గోనాడ్స్ అంటున్నాం) తరచూ బయటపడేది ఇలాగే. కొందరిలో పసితనంలోనే గజ్జల్లో రెండువైపులా హెర్నియా వస్తుంది.

మొదట క్యారియోటైప్, అంటే క్రోమోజోముల పరీక్ష. దీనికి బతికున్న కణాలు కావాలి కాబట్టి రక్తం పచ్చమూత హెపారిన్ ట్యూబులో తీయాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. 46,ఎక్స్‌ఎక్స్ (ఆడవాళ్ల క్రోమోజోములు) వచ్చి, టెస్టోస్టెరాన్ మామూలు ఆడవాళ్ల స్థాయిలోనే ఉంటే అది ఎంఆర్‌కేహెచ్ (పుట్టుకతోనే గర్భసంచి ఏర్పడకపోవడం) కావచ్చు, దారి వేరు.

46,ఎక్స్‌వై (మగవాళ్ల క్రోమోజోములు) వస్తే ఉదయం పూట ఒకేసారి టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఏఎంహెచ్, ఈస్ట్రడయాల్, ఆండ్రోస్టీన్‌డయోన్, డీహెచ్‌టీ హార్మోన్ల పరీక్షలకు రక్తం ఇవ్వండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పి మూడు రోజుల ముందే ఆపాలి. కొన్ని ల్యాబ్ యంత్రాల్లో అది టెస్టోస్టెరాన్‌ను ఎక్కువగా, ఎల్‌హెచ్‌ను తక్కువగా చూపిస్తుంది.

రిపోర్టులో ‘టెస్టోస్టెరాన్ 600’ పక్కన ఎర్రగా ‘హై’ అని ఉంటుంది. కంగారు పడకండి. ల్యాబు పోల్చింది ఆడవాళ్ల కొలతతో. మగవాళ్ల స్థాయిలో టెస్టోస్టెరాన్, దాంతోపాటు ఎల్‌హెచ్ కూడా పెరిగి ఉండటం ఈ స్థితి గుర్తు. హార్మోన్ ఉంది, దాన్ని అందుకునే రిసెప్టరే పనిచేయడం లేదు. టెస్టోస్టెరాన్‌ను ఆండ్రోస్టీన్‌డయోన్‌తో భాగిస్తే 0.8 కన్నా తక్కువ వస్తే 17-బీటా హెచ్‌ఎస్‌డీ-3 (టెస్టోస్టెరాన్ తయారుచేసే ఎంజైమ్) లోపాన్ని అనుమానించాలి. టెస్టోస్టెరాన్‌తో పోలిస్తే డీహెచ్‌టీ మరీ తక్కువైతే 5-ఆల్ఫా రిడక్టేజ్ (టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్) లోపాన్ని. ఈ రెండింటిలో యుక్తవయసులో మగ లక్షణాలు వస్తాయి, పిల్ల తననెలా చూసుకుంటుందో కూడా మారవచ్చు. గోనాడ్స్ తీసేశాక ఈ లెక్క ఇక చేయలేం, అందుకే ఈ తొందర. చిన్నపిల్లల్లో అయితే హెచ్‌సీజీ (గోనాడ్స్‌ను ప్రేరేపించే హార్మోన్) ఇంజెక్షన్లిచ్చి కొలుస్తారు. చివరి నిర్ధారణ ఏఆర్ (ఆండ్రోజెన్ రిసెప్టర్) జన్యు పరీక్ష, దీనికి ఊదామూత ట్యూబు.

సర్జరీకి మాత్రం తొందర వద్దు. రిసెప్టర్ అసలు పనిచేయని పూర్తి రకంలో యుక్తవయసుకు ముందు గోనాడ్స్‌లో క్యాన్సర్ ముప్పు చాలా తక్కువ. పైగా వాటి టెస్టోస్టెరానే ఈస్ట్రోజెన్‌గా మారి రొమ్ములు పెంచుతుంది, ఎముకలకు బలమిస్తుంది. యుక్తవయసు ముగిశాక, అన్నీ తెలిసి అమ్మాయే నిర్ణయించుకోవాలి. ఉంచుకుంటే స్కానింగులు మానకూడదు. రిసెప్టర్ కొంత పనిచేసే పాక్షిక రకంలో, కడుపులో ఉండిపోయిన గోనాడ్స్‌కు ముప్పు ఎక్కువ, అక్కడ ఆలోచన వేరు. పసిబిడ్డలకు ‘సరిచేసే’ సర్జరీలు చేయడాన్ని 2019లో మద్రాసు హైకోర్టు తప్పుపట్టింది.

తీయించాక ఈస్ట్రడయాల్ మానకూడదు, సాధారణంగా రోజుకు 1–2 మి.గ్రా. మాత్ర, లేదా జెల్. గర్భసంచి లేదు కాబట్టి ప్రొజెస్టిరాన్ అక్కర్లేదు. మానేస్తే వేడి ఆవిర్లు వస్తాయి, ఎముకలు పలచబడతాయి. డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత పరీక్ష), విటమిన్ డి చూపించుకుంటూ ఉండండి. యోని పొట్టిగా ఉంటే సర్జరీ కన్నా ముందు డైలేటర్లు (యోనిని మెల్లగా సాగదీసే సాధనాలు), రోజుకు 10–20 నిమిషాలు, అదీ ఆమెకు కావాలనిపించినప్పుడే.