పసిపిల్లలకు టోపీలు, దుప్పట్లు అల్లి ఇవ్వాలనుకుంటే ముందు కొలత అడగండి

నేను మొదటిసారి అల్లి ఒక ఆసుపత్రికి తీసుకెళ్లిన 20 టోపీల్లో పిల్లల తలకెక్కినవి నాలుగైదే. మిగతావన్నీ ఆరేడు నెలల పిల్లలకు సరిపోయేంత పెద్దవి, కొన్నింటికి పైన ఊలు బంతి, కొన్నింటికి ముత్యాలు. అక్కడి సిస్టర్ అవన్నీ ఓపికగా తిరగేసి చూసి, "మేడమ్, మస్తు బాగున్నయ్, కానీ మా దగ్గర పిల్లల తలలు గింతే ఉంటయ్" అని తన పిడికిలి మూసి చూపించింది. ఆ పిడికిలి ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. నెలరోజుల పని బీరువాలో పడి ఉంటుందని బాధ ఒకపక్క, ముందే ఒక్క మాట అడిగి ఉంటే ఇంకో 15 మంది పిల్లలకు పనికొచ్చేవి కదా అని ఇంకోపక్క. అందుకే ఎవరైనా "అక్కా, మేమూ అల్లి ఇస్తాం, ఎట్లా మొదలుపెట్టాలి" అంటే ఊలు గురించి తర్వాత చెప్తాను, ముందు కొలతలు చెప్తాను.

నెలలు నిండి పుట్టిన పాప తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు, రెండు అటూ ఇటూ. ఏడో నెలలోనే, అంటే 28 వారాలకే పుట్టిన పాపకైతే 26 దగ్గర ఉంటుంది, పెద్ద బత్తాయి పండంత అనుకోండి. 32 వారాలకు పుడితే 29, 30. టోపీ తల కంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగా ఉంటేనే సాగి పట్టుకుని కూర్చుంటుంది, లేకపోతే కళ్ల మీదికి జారుతుంది. నా దగ్గర అచ్చు ఏంటంటే పీచు తీసిన కొబ్బరికాయ. టేపు పెట్టి కొలిచి 34, 35 వచ్చేది ఒకటి ఎంచుకుని పక్కన పెట్టుకున్నాను, నెలలు నిండిన పిల్లలకు అల్లిన ప్రతి టోపీ దాని మీద ఎక్కించి చూస్తాను. ఎక్కి, వేలు పెడితే కొంచెం సాగి, వదిలితే మళ్లీ అతుక్కోవాలి.

ఇంత చిన్న టోపీకి ఇంత పట్టింపు ఎందుకంటే, పసిగుడ్డు ఒళ్లు చల్లబడడం మనం అనుకునేంత చిన్న విషయం కాదు. పాప పొడవులో నాలుగో వంతు తలే, మనకైతే ఎనిమిదో వంతు. అంత పెద్ద తల తెరిచి ఉంటే వేడి అక్కడి నుంచి చాలా పోతుంది, నెల తక్కువ పిల్లలకు ఒంట్లో కొవ్వు లేక ఇంకా తొందరగా పోతుంది. ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, దానికంటే తగ్గితే పాలు తాగే ఓపిక కూడా పోతుంది. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతి ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ ఉంది, పాపను బట్టల్లేకుండా తల్లి గుండెల మీద పడుకోబెట్టి పైన గుడ్డ చుడతారు. అప్పుడు పాప ఒంటి మీద ఉండేవి డైపరు, సాక్సులు, తలకు టోపీ, అంతే. మనం అల్లే చిన్న సైజు టోపీలకు ఎక్కువ పని అక్కడే.

ఇక ఊలు. మా వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల మ్యాచింగ్ సెంటర్లలో, లేసులూ బటన్లూ అమ్మే షాపుల్లో వర్ధమాన్, గంగా లాంటి లూధియానా కంపెనీల ఉండలు దొరుకుతాయి. లేబుల్ మీద సూది బొమ్మ పక్కన 4 ఎంఎం అని ఉన్న మధ్యరకం ఊలు తీసుకోండి, అందులోనూ బేబీ ఊలు అని ఉంటే మంచిది. ఉండను చెంపకు, మెడకు రుద్ది చూడండి, మీకు కాస్త గుచ్చుకున్నా పాపకు వద్దు. నూగు లేచే మోహేర్ రకం అసలే వద్దు, ఆ పోగులు నోట్లోకి, ముక్కులోకి పోతాయి. మెరుపు జరీ కలిసింది కూడా వద్దు. అసలు గొర్రె ఊలు వేడినీళ్లలో ముడుచుకుపోయి గట్టిపడుతుంది, ఆసుపత్రిలో ఒక్కొక్కటీ చేత్తో చల్లనీళ్లలో ఉతికే తీరిక ఎవరికి ఉంటుంది? అందుకే యాక్రిలిక్, లేదా కాటన్. దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా యాక్రిలిక్ బాగుంటుంది, ఆదిలాబాద్ వైపు చలి పది డిగ్రీల కిందికి కూడా దిగుతుంది కదా. మార్చి నుంచి మాత్రం కాటన్ దారమే, మన ఎండలకు యాక్రిలిక్ పెడితే పాపకు చెమటకాయలు వస్తాయి. కాటన్ అంతగా సాగదు కాబట్టి ఒక సెంటీమీటరు వదులుగా అల్లండి. కాటన్ దగ్గర్లోనే దొరుకుతుంది కదా అని కొత్తవాడలో దర్రీలు నేసే నూలు తేకండి, అది నేల మీద పరిచేదానికి సరిపోయే దళసరి నూలు.

ఎరుపు, ముదురు నీలం లాంటి రంగులైతే ఒక తెల్లగుడ్డ తడిపి దారాన్ని దాంట్లో గట్టిగా నలిపి చూడండి. రంగు దిగితే ఆ ఉండ ఇంకేదానికైనా వాడుకోండి.

క్రోషే, అంటే కొన వంపు తిరిగిన ఒకే హుక్కుతో అల్లే టోపీ మొదటిసారి అల్లేవాళ్లకు కూడా రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది, 25 గ్రాముల ఊలు చాలు. హుక్కు 4 ఎంఎం. ఇక్కడ డబుల్ అని నేను చెప్పే పొడుగు కుట్టు అమెరికన్ వీడియోల్లో చెప్పే డబుల్, దాన్నే బ్రిటిష్ పద్ధతి పాత పుస్తకాల్లో ట్రెబుల్ అంటారు. ఈ తేడా తెలియక టోపీ సగం సైజు వచ్చి చాలామంది టెన్షన్ పడతారు. మ్యాజిక్ రింగ్, అంటే కొస లాగితే బిగుసుకునే దారం ఉచ్చు చేసి, మూడు చైన్లు వేసి దాన్నే మొదటి డబుల్‌గా లెక్కపెట్టి, రింగులో ఇంకో 11 డబుల్స్ వేయండి, మొత్తం 12. రెండో చుట్టులో ప్రతి కుట్టులో రెండేసి, 24 అవుతాయి. మూడో చుట్టులో ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు, ఇట్లా పోతే 36. నాలుగో చుట్టులో రెండు కుట్లలో ఒక్కొక్కటి, మూడోదాంట్లో రెండు, 48. ఐదో చుట్టులో ఏడు కుట్లు మామూలుగా, ఎనిమిదోదాంట్లో రెండు, 54 దగ్గర ఆగండి. ఇక్కడిదాకా అల్లింది పళ్లెంలా చదునుగా పరుచుకోవాలి. అంచులు అలలు అలలుగా లేస్తే చేయి మరీ వదులుగా ఉన్నట్టు, గిన్నెలా ముడుచుకుంటే మరీ బిగుతుగా ఉన్నట్టు, హుక్కు సైజు అర ఎంఎం మార్చి చూడండి. తర్వాత పెంచకుండా ఒక్కో కుట్టులో ఒక్కో డబుల్ చొప్పున ఏడు చుట్లు, నడినెత్తి నుంచి అంచుదాకా 14 సెంటీమీటర్లు వచ్చేదాకా. చివర ఒక చుట్టు సింగిల్, అంటే పొట్టి కుట్టు. ఇది నెలలు నిండిన పాపకు.

నెల తక్కువ పిల్లలకైతే 48 దగ్గరే పెంచడం ఆపితే చుట్టుకొలత 30 వస్తుంది, ఎత్తు 12 చాలు. ఇంకా చిన్నది కావాలంటే మూడో చుట్టు 36 తర్వాత నాలుగో చుట్టులో ఆరే పెంచి 42 దగ్గర ఆపండి, 26 వస్తుంది, ఎత్తు 11. సిస్టర్లు ఎక్కువ అడిగేవి ఈ రెండు సైజులే, ఎందుకంటే బజార్లో దొరకనివి కూడా ఇవే.

రెండు సూదులతో అల్లడం వచ్చినవాళ్లు దాన్నే చేయండి, నిజానికి తలకు అతుక్కుని ఉండేది ఆ అల్లికే. 4 ఎంఎం సూదుల మీద 72 కుట్లు ఎక్కించి, రెండు సీదా రెండు ఉల్టా చొప్పున 12 సెంటీమీటర్లు పోండి. తర్వాత ఒక వరుస మొత్తం రెండేసి కుట్లు కలిపి సీదా అల్లితే 36 మిగులుతాయి, ఒక వరుస ఉల్టా, మళ్లీ రెండేసి కలిపితే 18. దారం అర మీటరు వదిలి కత్తిరించి, ఆ 18 కుట్లలోంచి సూదితో లాగి బిగించి, అదే దారంతో పక్క కుట్టేయండి. కుట్టు లోపల గట్టులా తేలకూడదు. పాప ఆ వైపే తిరిగి పడుకుంటే రాత్రంతా ఆ గట్టు చర్మానికి ఒత్తుకుంటుంది. అంచుకు అంచు ఆనించి కుట్టి, మీ బొటనవేలితో లోపల తడిమి చూడండి.

దుప్పటికి నేను రంధ్రాలు ఉండే డిజైన్లు మానేశాను. జాలీ అల్లిక చూడడానికి అందమే, కానీ పాప వేళ్లు ఎంత సన్నగా ఉంటాయంటే ఆ సందుల్లో దూరి దారం చుట్టుకుంటుంది, చుట్టుకుంటే రక్తం ఆడదు, ఏడుస్తున్న పాపకు ఏమైందో ఎవరికీ అర్థం కాదు. అందుకని దగ్గర అల్లిక. 5 ఎంఎం హుక్కుతో సరి సంఖ్యలో చైన్లు, 75 సెంటీమీటర్లకు సుమారు 128 వస్తాయి, మీ చేతి బిగువును బట్టి ముందు పది సెంటీమీటర్ల ముక్క అల్లి లెక్కేసుకోండి. హుక్కు నుంచి నాలుగో చైన్‌లో ఒక సింగిల్, తర్వాత ఒక చైన్ వేసి కింద ఒకటి వదిలి పక్కదాంట్లో సింగిల్, వరుసంతా ఇంతే. చివర రెండు చైన్లు వేసి తిప్పి, కింది వరుసలో చైన్ ఉన్న సందుల్లో సింగిల్ వేస్తూ, మధ్యలో చైన్ వేస్తూ పోవడమే. లెక్క తప్పే భయం లేదు, సీరియల్ చూస్తూ కూడా అల్లొచ్చు, గుడ్డ మెత్తగా వాలుతుంది. 75 సెంటీమీటర్ల చదరానికి 350 నుంచి 400 గ్రాముల ఊలు పడుతుంది. ఒక్కరికి ఖర్చు, పని రెండూ ఎక్కువ అనిపిస్తే ఐదుగురు కలవండి, 15 సెంటీమీటర్ల చదరాలు తలా ఐదు అల్లితే 25, ఐదు వరుసల్లో అతికితే దుప్పటి తయారు. అందరూ ఒకే కంపెనీ ఊలు, ఒకే హుక్కు వాడాలి, స్కేలు పెట్టి కొలవాలి, లేకపోతే అతికేటప్పుడు ఒక మూల లాగేస్తుంది. అల్లిక రానివాళ్లు కూడా ఖాళీగా ఉండక్కర్లేదు, మెత్తబడ్డ పాత నూలు చీర మడతలు పెట్టి దగ్గర దగ్గరగా కుట్లు వేసిన చిన్న బొంత ఇస్తే ఏ బాలింతా వద్దనదు.

దారం కొసలు దాచే దగ్గర తొందరపడకండి. చాలామంది ముడి వేసి కత్తిరించేస్తారు, రెండు ఉతుకులకు ముడి ఊడుతుంది. మొద్దు సూదితో కొసను ఐదు సెంటీమీటర్లు ఒకవైపు, వెనక్కి, మళ్లీ ముందుకు, మూడుసార్లు దూర్చండి. టోపీ నడినెత్తిన ఉండే మ్యాజిక్ రింగ్ కొస అయితే ఇంకా జాగ్రత్త, అది జారితే నెత్తిన రంధ్రం పడుతుంది. బటన్లు, పూసలు, గవ్వలు, రిబ్బన్లు, గడ్డం కింద కట్టే తాళ్లు ఏవీ వద్దు. ముద్దుగా ఉంటుందని నాకూ చేయి లాగుతుంది, అయినా వద్దు.

అల్లడం అయ్యాక వాసన లేని సబ్బుతో ఉతికి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి జాడించి, బాగా ఆరబెట్టండి. యాక్రిలిక్‌కు ఇస్త్రీ పెట్టకండి, కరిగి చదునైపోతుంది. ఇంకో సంగతి. మన దగ్గర పురుడు అయ్యేదాకా పాపకు కొత్త బట్ట తగలనివ్వని ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి, పాత ధోతి ముక్కలోనే చుడతారు. మా అత్తమ్మ కూడా అంతే. కానీ ఉతికి మెత్తబడిన టోపీ చేతిలో పెడితే, "ఇది ఉతికిందే కదా" అని తనే పెట్టింది. కొత్త లేబుళ్లతో, కొత్త వాసనతో ఇచ్చేదానికీ దీనికీ చాలా తేడా.

దాచిపెట్టేటప్పుడు కలరా ఉండలు వేయకండి. ఈ ఒక్కటి మాత్రం ఎవరు అల్లినా దయచేసి గుర్తుపెట్టుకోండి. వాటిలో ఉండే నాఫ్తలీన్ వాసన బట్టలకు పట్టి, కొందరు పసిపిల్లల్లో, ముఖ్యంగా పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువ ఉన్నవాళ్లలో, ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి. ఎవరికి ఆ లోపం ఉందో బయటికి కనిపించదు. సంచి బయట ఎండు వేపాకు పెట్టుకోండి చాలు, అగరొత్తులు, సాంబ్రాణి పొగ తగిలే గదిలో కూడా వద్దు.

ఇచ్చే ముందు ఫోన్ చేయడమో, ఒకసారి ఖాళీ చేతులతో వెళ్లి రావడమో చేయండి. వరంగల్‌లో ఎంజీఎం, సీకేఎం ఆసుపత్రులు, హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి, మీ ఊళ్లో ఏరియా ఆసుపత్రి ఉంటుంది, ఆశా కార్యకర్తకు చెప్పినా దారి చూపిస్తుంది. అడగాల్సినవి మూడే: ఏ సైజులు, యాక్రిలిక్ తీసుకుంటారా కాటనే కావాలా, వాళ్లు ఎట్లా ఉతుకుతారు. ఆటోక్లేవ్‌లో, అంటే బాగా వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో పెట్టే చోటైతే యాక్రిలిక్ పనికిరాదు. నేరుగా వార్డులోకి వెళ్లి మంచాల దగ్గర పంచకండి, ఫొటోలు తీయకండి. ఇన్‌ఫెక్షన్ల భయం ఉంటుంది, పైగా బాలింత ఎట్లా ఉందో ఏ స్థితిలో ఉందో మనకు తెలియదు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు లెక్కపెట్టి అప్పజెప్పి రండి.

ఒక్కొక్కటీ విడిగా కవర్లో పెట్టి లోపల తెలుగులో ఒక చీటీ పెట్టండి: తల చుట్టుకొలత ఎంత, దేంతో అల్లింది, ఎట్లా ఉతకాలి. దుప్పటి చీటీలో ఇంకో వాక్యం తప్పకుండా రాయండి, పాపను ఒంటరిగా పడుకోబెట్టినప్పుడు ఇది వదులుగా పైన కప్పొద్దు, ముఖం మీదికి జారితే ఊపిరాడదు, ఎత్తుకున్నప్పుడు చుట్టడానికి వాడండి అని. టోపీ చీటీలో, ఇంటికి వెళ్లాక ఒళ్లు వెచ్చగా ఉంటే తీసేయండి, నిద్రలో పెట్టొద్దు అని. నా చీటీలు మా అమ్మాయి రాస్తుంది, పెద్ద అక్షరాలతో, అవ్వలు కూడా చదవగలిగేలా. ఈ కార్తీకానికి సిస్టర్ 26 సైజువి 15, 30 సైజువి 15 అడిగింది. పెద్దవి ఒక్కటీ అడగలేదు.